గచ్చి మీద రెండు జగ్గులు

ఆదివారం మధ్యాహ్నం రితేశ్ రెండు అట్టపెట్టెల నిండా సీసాలు మోసుకుంటూ, ఇరుకు గదుల వరసలతో కట్టిన పాత నాలుగంతస్తుల చాల్ మెట్లెక్కి వచ్చాడు. మూడో అంతస్తు వరండాలో బట్టలారేస్తున్న ప్రణాలి వాటివంక చూసి చేతిలో చీర అలాగే పట్టుకుని నిలబడిపోయింది. సీసాల మీద రంగురంగుల పళ్ల బొమ్మలున్నాయి. లీచీ, పీచ్, మామిడి. దూరం నుంచి చూస్తే చిన్నపిల్లలు తాగే జ్యూసనుకుంటారు.

"బీరా అది?" అంది.

"పళ్ల బీరు అక్కా. నిన్న వర్లిలో కంపెనీ పార్టీ ఉండె గద, ఎవ్వళ్లు ముట్టలే. ఇంకో వారమైతే తారీఖు దాటిపోతదట. పారబోసుడెందుకని తెచ్చిన." పెట్టెలు కిందపెట్టి చెమట తుడుచుకున్నాడు. "దీంతోని కాక్‌టెయిల్ జేస్త. బుధవారం ఒక పెద్ద క్యాటరింగ్ ఆయన ముందర చేసి చూపియ్యాలె. అంతకుముందు మనోళ్లకు తాపి చూస్త. పైన గచ్చి మీద టేబుల్ ఏస్తున్న."

రితేశ్ ఆమె తమ్ముడు. పెళ్లిళ్లలో, పార్టీల్లో మందు కలిపిచ్చే పని. ఆ పని మీద వాడికున్న ఇష్టం చూస్తే ప్రణాలికి ముచ్చటేసేది. ఈరోజు మాత్రం ముందు ఇంటి తలుపు వైపు చూసింది.

"మీ బావ ఇంట్లనే ఉన్నడురా," అంది గొంతు తగ్గించి.

"బావ మానేసి ఐదు నెలలాయె. ఇంకా భయమేంది?"

ఆ భయమేమిటో ప్రణాలి ఎవరికీ చెప్పలేదు. చెప్పేది కూడా కాదు.

ఆమె మొగుడు నర్సింహులు లిఫ్టు మెకానిక్. పనిలో చెయ్యి తిరిగినవాడు. కానీ మూడేళ్ల కింద తాగి డ్యూటీకి వెళ్లి, లిఫ్టు గుంతలో దిగిన తోటి పనివాడు ఇంకా బయటికి రాకముందే బటన్ నొక్కాడు. ఆ మనిషి రెండు వేళ్లు పోయాయి. నర్సింహులు ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ప్రణాలి అతన్ని తాగుడు మాన్పించే దవాఖానాకు తీసుకుపోతే అక్కడ డాక్టరు గోళీలు రాసిచ్చాడు. ఇవి వేసుకుని తాగితే ఒళ్లు మండిపోతుంది, గుండె అదురుతుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు, ఆ భయంతో మనిషి తాగడు అని విడమరచి చెప్పాడు. నర్సింహులు గోళీల పట్టీని దవాఖానా మెట్లు దిగుతూనే మోరీలో పారేశాడు. "నేను మానాలనుకున్ననాడు నేనే మాన్త. విషం మింగి కాదు," అన్నాడు.

చాల్‌లో పెద్దమనిషి ముత్తయ్య తన పూచీ మీద అతన్ని మళ్లీ అదే కంపెనీలో పెట్టించాడు. అయినా తాగుడు ఆగలేదు. చివరికి మొన్న చలికాలంలో, కూతురు కాజల్ స్కూలు ఫంక్షన్‌లో పాట పాడుతుంటే తూలుతూ హాల్లోకి వచ్చి కుర్చీల మధ్య పడ్డాడు. కాజల్ పాట ఆపేసి స్టేజీ దిగి వెళ్లిపోయింది. ఆ మర్నాడు ప్రణాలి పాత చీటీ పట్టుకుని గ్రాంట్ రోడ్‌లో ఒక మెడికల్ షాపుకు పోయింది. రోజూ పొద్దున అప్పడాల కర్రతో గోళీని మెత్తగా నలిపి, మొగుడికి పెట్టే పప్పులో కలిపేది. తాగి ఒక్కసారి ఒళ్లు మండితే బుద్ధొస్తుందనుకుంది.

కానీ నర్సింహులుకు ఏమీ కాలేదు. ఆ వారం నుంచే అతను తాగడం మానేశాడు. "కాజల్ మొకం చూసిన. ఇగ ముట్ట," అన్నాడు. ప్రణాలి నమ్మలేదు. అట్లా అనడం అది మొదటిసారి కాదు. గోళీ వేస్తూనే ఉంది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఆపుదామని చెయ్యి వెనక్కి తీసుకున్న ప్రతి పొద్దునా, ఆపిన రోజే తాగితే అన్న భయం ముందుకొచ్చేది. ఐదు నెలలుగా అదే జరుగుతోంది.

"అమ్మా, నాన్న గచ్చి మీదికి పోతుండు," అంది కాజల్ గంట తర్వాత వంటింట్లోకి వచ్చి.

ప్రణాలి పరుగున మెట్లెక్కింది.

చాల్ డాబాను అందరూ గచ్చి అంటారు. అక్కడ అప్పటికే పదిమంది దాకా చేరారు. నీళ్ల ట్యాంకుకు ఇవతల రితేశ్ టేబుల్ వేసి తెల్లగుడ్డ పరిచాడు. నిమ్మకాయలు, పుదీనా, నల్లుప్పు, దంచిన అల్లం, పుల్లటి కోకం పండు రసం వరసగా పెట్టుకున్నాడు. లీచీ బీరులో కోకం, నిమ్మరసం, వేయించిన జీలకర్ర కలిపి ఒక పెద్ద గాజు జగ్గు నింపాడు. అది చక్కటి ఎర్రటి రంగులో ఉంది. ఎవరైనా కావాలంటే గ్లాసులో ఒక మూత వోడ్కా పోసి ఇచ్చేట్టు పక్కనే సీసా పెట్టాడు. తాగని వాళ్ల కోసం బీరు లేకుండా లీచీ జ్యూసు, సోడాతో అచ్చం అలాంటిదే ఇంకో జగ్గు చేశాడు. రెంటికీ రంగు ఒకటే, వాసనా ఒకటే.

నర్సింహులు పిట్టగోడ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"కిందికి పోదాం పా. ఎండ మస్తుగున్నది," అంది ప్రణాలి.

"ఎందుకే? నేను తాగుతననా?"

"గట్ల కాదు…"

"గట్లనే." నవ్వాడు గానీ కళ్లు నవ్వలేదు. "తాగేటోళ్ల నడుమ కూసోని తాగకుంటే గద మానేసినట్టు. అందరూ చూడనీ. నువ్వు గూడ చూడు."

అవతల ముత్తయ్య గ్లాసు పట్టుకుని ఇటే చూస్తున్నాడు. ఇంకో ఇద్దరూ చూస్తున్నారు. నర్సింహులు ఒట్టి చేతులతో కూర్చోవడం అందరికీ ఏదో చూడవలసిన విషయంలా అయింది. ఆ చేతిలో ఏదో ఒకటి పెడితే చూపులు తప్పుతాయనిపించింది ప్రణాలికి. రితేశ్ దగ్గరికి వెళ్లింది.

"ఏది ఉత్తది?"

"నీ ఎడమ చెయ్యి దిక్కుది బీరు. కుడి చెయ్యి దిక్కుది ఉత్త శర్బతు."

"పక్కా?"

"నేను చేసింది నాకు తెల్వదా అక్కా?"

గ్లాసులు సరిపోక ఆమె కిందికి వెళ్లి ఇంట్లోవి నాలుగు కడిగి తెచ్చింది. తిరిగొచ్చేసరికి రితేశ్ లేడు, ఐసు కోసం సందు చివరి కొట్టుకు పోయాడు. టేబుల్ ట్యాంకు నీడలోకి జరిగింది. ఎండ తగులుతోందని నలుగురు కలిసి ఎత్తి అటు పెట్టారు. పెట్టేటప్పుడు తిప్పి పెట్టారని ప్రణాలికి తెలియదు. కుడిచేతి వైపు జగ్గు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. జీలకర్ర, పుదీనా, లీచీ. వాసనలో తేడా తెలియలేదు. గ్లాసు నిండా పోసి, తన చేత్తో తీసుకెళ్లి మొగుడికిచ్చింది.

"శర్బతు," అంది.

ఎండకు దాహంగా ఉన్నట్టుంది, నర్సింహులు సగం గ్లాసు ఒక్క గుక్కలో తాగాడు. "బాగ చేసిండు మీ తమ్ముడు," అని మిగతాది కూడా మెల్లగా తాగేశాడు.

పావుగంట గడిచిందో లేదో, ప్రణాలి అతని మెడ చూసింది. కాలర్ పైనుంచి ఎరుపు పాకుతోంది. చూస్తుండగానే చెవులు, చెంపలు, కళ్ల కింద అంతా రక్తం చిమ్మినట్టయింది. నర్సింహులు చొక్కా గుండీ విప్పుకున్నాడు.

"ఏమైతుందయ్యా?"

"తల పగులుతుంది. ఎండకేమో."

ఎండకు కాదని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఐసు సంచితో అప్పుడే పైకొచ్చిన రితేశ్ చేతికి ఆ ఖాళీ గ్లాసు ఇచ్చింది. వాడు అడుగున మిగిలిన చుక్కలు నాలుక మీద వేసుకుని బిత్తరపోయాడు.

"ఇది బీరుది. టేబుల్ ఎవళ్లు తిప్పిండ్రు?"

వాడు గట్టిగానే అన్నాడు. ఆ మాట అందరికీ వినిపించింది. నర్సింహులు లేవబోయి పిట్టగోడ పట్టుకుని, అక్కడే భళ్లున వాంతి చేసుకున్నాడు.

"అరె, మళ్ల మొదలువెట్టిండు," అన్నారెవరో.

"నేను తాగలే," అన్నాడు నర్సింహులు ఊపిరి కోసం ఎగపోస్తూ. "కాకా, ఒట్టు. శర్బతని ఇచ్చింది…"

ముత్తయ్య దగ్గరికి రాలేదు. "ఒక్క గ్లాసు బీరుకు ఇట్ల పడిపోతరా ఎవళ్లన్న? కిందనే ఏసుకొచ్చినవ్. నా మాట మీద నీకు పని ఇప్పిచ్చిన, నర్సింగా. నా మొకం మీద కొట్టినవ్."

గొడవ విని పైకొచ్చిన అత్త రత్నాబాయి నుదురు కొట్టుకుంది. "నాకు ఎరుకనే. దొంగతనంగ తాగుతనే ఉండె. ఎవళ్లకు చెప్పుకోవాలె?"

నిమ్మకాయ నీళ్లు తాపమన్నారు, నెత్తి మీద నీళ్లు పొయ్యమన్నారు, పండబెడితే దిగిపోతుందన్నారు. ప్రణాలి అతని చెయ్యి పట్టుకుంది. నాడి వేళ్ల కింద ఆగకుండా కొట్టుకుంటోంది.

"రితేశ్, టాక్సీ. దవాఖానకు."

"గింత దానికి దవాఖాననా?" అంది రత్నాబాయి.

"ఇప్పుడే పోవాలె!" అని అరిచింది ప్రణాలి. ఆ గొంతు విని అందరూ పక్కకు తప్పుకున్నారు.

ప్రణాలి, రితేశ్ చెరో రెక్క పట్టుకుని నాలుగంతస్తులు దించారు. ఆదివారం సందంతా మనుషులు, తోపుడుబళ్లు. టాక్సీ అంగుళం అంగుళం కదులుతోంది. వెనక సీట్లో నర్సింహులు ఆమె భుజం మీద వాలి ఉన్నాడు. పెదవులు తెల్లబడ్డాయి. ఎరుపంతా పోయి ఇప్పుడు ముఖం బూడిద రంగులోకి దిగుతోంది.

"ప్రణాలీ," అన్నాడు. "నేను తాగలే. నువ్వన్న నమ్ము."

"నమ్మిన. మాట్లాడకు."

"కాజల్‌కు చెప్పు."

డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. ఇప్పుడే చెప్పెయ్యాలనుకుంది ప్రణాలి. నోరు తెరిచింది. ముందు సీట్లో తమ్ముడున్నాడు, డ్రైవరున్నాడు అనుకుని నోరు మూసుకుంది. ఆగింది వాళ్లను చూసి కాదని తనకు తెలుసు.

సర్కారు దవాఖానా క్యాజువాలిటీలో మంచం మీద వేశారు. ఛాతీకి తీగలు అంటించారు. చిన్న వయసు లేడీ డాక్టరు బీపీ చూసి నర్సుతో ఏదో గబగబా చెప్పింది. బీపీ పడిపోతోంది. గుండె జబ్బుందా, ఏమన్నా పడని తిండి తిన్నాడా అని హిందీలో అడిగింది. ఒక గ్లాసు బీరు తాగాడని రితేశ్ చెప్పాడు. ఒక గ్లాసు బీరుకు ఇంత కాదే అంది డాక్టరు, అనుమానంగా. నర్సింహులు మీదికి వంగింది.

"రోజూ ఏమన్నా గోళీలు వేసుకుంటారా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "ఏం లేవు."

"ఖాయమేనా?"

"ఏం లేవు మేడం."

డాక్టరు నర్సు వైపు తిరిగి ఇంకేదో ఇంజక్షన్ పేరు చెప్పడం మొదలుపెట్టింది. ప్రణాలి మంచం చువ్వ పట్టుకుంది. ఇప్పుడు చెప్తే ఈ మనిషి తనను ఇక ఎప్పటికీ నమ్మడు. చెప్పకపోతే ఉంటాడో లేదో తెలియదు. అంతకంటే ఆలోచించడానికి వ్యవధి లేదు.

"ఉన్నయి మేడం," అంది. "నేను వేస్తున్నా. ఆయనకు తెలియదు."

డాక్టరు తిరిగి చూసింది. ప్రణాలి గోళీ పేరు చెప్పింది. ఎన్నాళ్లుగా, ఎంత, ఈరోజు వేసిందా, అన్నీ అడిగితే అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ నర్సింహులు వైపు చూడలేదు. డాక్టరు పనులు మార్చింది. సెలైన్ వేగం పెంచారు, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు, తీగల యంత్రం దగ్గర ఒక నర్సును నిలబెట్టారు.

నలభై నిమిషాల తర్వాత యంత్రం మీద గీత కాస్త నిదానించింది. బీపీ మెల్లగా పైకొచ్చింది. అప్పుడు డాక్టరు ప్రణాలిని మంచం దగ్గరే నిలబెట్టి మాట్లాడింది.

"మనిషికి తెలియకుండా ఈ గోళీ ఇవ్వకూడదని నీకెవరూ చెప్పలేదా? బీరు అక్కర్లేదు, దగ్గు మందులో ఉండే ఆల్కహాల్ చాలు. ఈ మనిషి ఈరోజు చచ్చిపోయేవాడు. నీ చేతుల్లో."

"నాకు తెలుసు మేడం," అంది ప్రణాలి. అబద్ధమాడే ఓపిక లేదు.

"ఇంకోటి కూడా తెలుసుకో." డాక్టరు కోపం కాస్త తగ్గింది. "ఐదు నెలలు రోజూ ఇచ్చానంటున్నావు. ఈ ఐదు నెలల్లో ఒక్క రోజు తాగినా ఆ రోజే ఇలా అయ్యేది. కాలేదు. అంటే ఈయన ఐదు నెలలూ చుక్క ముట్టలేదు. గోళీ గురించి తెలియదు కాబట్టి దాని భయంతో మానినట్టూ కాదు. తనంతట తనే మానాడు."

డాక్టరు పక్క మంచానికి వెళ్లిపోయింది. ప్రణాలి అప్పుడు తల తిప్పి చూసింది. నర్సింహులు కళ్లు తెరుచుకునే ఉన్నాయి. ఆమెను చాలాసేపు చూసి, తల గోడవైపు తిప్పుకున్నాడు.

ఆ రాత్రికి వార్డులో ఉంచుకుని మర్నాడు పంపించారు. బయటి గేటు దగ్గర రితేశ్ టాక్సీ ఆపితే నర్సింహులు ఎక్కలేదు.

"నేను అన్న దగ్గరికి పోత, వర్లికి," అన్నాడు.

"బావా, తప్పు నాది. ఆ బీరు తెచ్చింది నేను," అన్నాడు రితేశ్.

"నీదేం లేదురా. టేబుల్ ఎవళ్లో తిప్పిండ్రు. గట్ల ఐతుంటది." ప్రణాలి వైపు చూశాడు. "ఐదు నెలలు ఎదురుంగ కూసోని తినిపిచ్చినవ్. నేను మంచిగైన అని నవ్వుకుంట చెప్తుంటే, ఊ అన్నవ్."

అతను రోడ్డు దాటి బస్సెక్కాడు.

ప్రణాలి చాల్‌కు వచ్చేసరికి మాట అంతటా పాకిపోయింది. నర్సింగడు గచ్చి మీద తాగి పడ్డాడు, పెళ్లాం శర్బతని కప్పిపుచ్చుతోంది అని నాలుగు అంతస్తులూ అనుకుంటున్నాయి. వరండాలో కాజల్ ఒక్కతే కూర్చుని ఉంది.

"నాన్న తాగిండా?" అంది మరాఠీలో. ఆ పిల్ల కోపమొచ్చినప్పుడు ఇంట్లో కూడా మరాఠీలోకి వెళ్లిపోతుంది.

"తాగలేదు."

"అందరూ తాగిండంటుండ్రు. ముత్తయ్య తాత కంపెనీకి ఫోన్ చేస్తనన్నడు. ఇగ నా పూచీ లేదని చెప్తడట."

ప్రణాలి చెప్పులు విప్పలేదు. అలాగే మెట్లు దిగింది. సందు మలుపులో తాళంచెవులు చేసే చిన్న కొట్టు ముత్తయ్యది. కొట్టు ముందు బెంచీ మీద చాల్ మగవాళ్లు ఐదారుగురు కూర్చుని ఉన్నారు. రత్నాబాయి కూడా పక్కన నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ముత్తయ్య చేతిలో ఫోనుంది.

"కాకా, ఫోన్ చేసినవా?"

"చేస్తున్న. నువ్వు అడ్డం రాకు. ఇంకొకని వేళ్లు పోతే నేను జవాబు చెప్పుకోవాలె."

"ఒక్క మాట విని చెయ్యి." బెంచీ మీద వాళ్లంతా తలెత్తారు. లోపలికి రమ్మని అడిగి ముత్తయ్యకొక్కడికే చెప్పవచ్చు. కానీ మొగుణ్ణి అన్నవాళ్లంతా ఇక్కడే ఉన్నారు. "ఆయన తాగలేదు. శర్బతనుకోని నేనే పోసిచ్చిన. ఒక్క గ్లాసుకు అట్ల ఎందుకైందంటే, ఐదు నెలల సంది ఆయన పప్పుల నేను గోళీ కలుపుతున్న. తాగుడు మాన్పించే గోళీ. ఆయనకు చెప్పలే. ఎవళ్లకు చెప్పలే. అది కడుపుల ఉంటే చుక్క పడ్డా ప్రాణం మీదికొస్తది. ఐదు నెలల్ల ఒక్కనాడు గూడ రాలే. డాక్టరమ్మ చెప్పింది, ఒక్క చుక్క ముట్టలేదని. నమ్మకుంటే పోయి అడుగు."

ముత్తయ్య ఫోను మీది నుంచి వేలు తీశాడు.

"నా కొడుక్కు విషం వెట్టినవా?" అంది రత్నాబాయి.

"వెట్టిన అత్తా."

రత్నాబాయి చెయ్యెత్తింది. కొట్టలేదు. తాను గచ్చి మీద నలుగురిలో అన్న మాట గుర్తొచ్చిందేమో, చెయ్యి దించుకుని కొట్టు గుమ్మంలో కూలబడింది. బెంచీ మీద నుంచి ఒకడు, "ఆడోళ్ల చేతి కూడు ఎట్ల తినాలె ఇగ," అన్నాడు వినిపించేట్టుగా. ప్రణాలి ఆ మాట విని కూడా కదల్లేదు. ముత్తయ్య ఫోను జేబులో పెట్టుకునేదాకా నిలబడే ఉంది.

తర్వాత రోజుల్లో సందులో ఆడవాళ్లు ఆమెను చూసి గొంతు తగ్గించేవాళ్లు. కాజల్‌కు అన్నీ ఆమే చెప్పింది. ఆ పిల్ల విని, లేచి వెళ్లి తండ్రికి ఫోన్ చేసి, చాలాసేపు ఏడ్చింది. తల్లితో రెండు రోజులు మాట్లాడలేదు. రితేశ్ బుధవారం ఆ క్యాటరింగ్ ఆయన దగ్గరికి వెళ్లనే లేదు. మిగిలిన సీసాలు ఎవరికిచ్చాడో ఆమె అడగలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం నర్సింహులు వచ్చాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతిలో పనిముట్ల సంచి ఉంది. ప్రణాలి వరండాలోనే ఎదురైంది. అతను లోపలికి వెళ్లకుండా గుమ్మం పక్కన ఆగాడు.

"ముత్తయ్య కాక వర్లికొచ్చిండు. అందరి ముందర చెప్పినవట."

"చెప్పిన."

"నీ గురించి ఏమనుకుంటుండ్రో ఎరుకేనా?"

"ఎరుకే."

అతను సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "మస్తు కోపమున్నది నాకు. వర్లిల ఉన్నన్ని దినాలు తగ్గుతదేమో చూసిన. తగ్గలే."

"తగ్గమంటలేను."

"అమ్మ వండితేనే తింట."

"సరే."

"ఎన్ని దినాలని అడుగకు."

"అడుగ."

లోపల్నుంచి కాజల్ తండ్రి గొంతు విని పరుగెత్తుకుంటూ వచ్చింది. నర్సింహులు కూతురి భుజం మీద చెయ్యి వేసి, వంగి గుమ్మం దాటాడు. తలుపు మాత్రం వేయలేదు. ప్రణాలి ఒక్క నిమిషం వరండాలో ఆగి, కళ్లు తుడుచుకుని, ఆ వెనకే లోపలికి వెళ్లింది.